పనిలో గాయపడ్డారా? ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) క్లెయిమ్ వేసే ముందు

ముందు ఆస్పత్రి చీటీ చదవండి. "జారిపడ్డాడు" అని మాత్రమే ఉంటే ఇంట్లోనా, ఫ్యాక్టరీలోనా అన్నది తేలదు, పేచీ అక్కడే మొదలవుతుంది. "డ్యూటీలో, ఉదయం 11 గంటలకు, ప్రెస్ మిషన్‌లో కుడిచెయ్యి నలిగింది" అని మొదటి రోజే డాక్టరుతో రాయించండి. తర్వాత దిద్దించడం చాలా కష్టం.

యజమాని ప్రమాదాల రిజిస్టరులో ఎక్కించి, ఫారం 12లో ప్రమాద రిపోర్టు ఈఎస్ఐ ఆఫీసుకు పంపాలి. కాపీ అడిగి తీసుకోండి.

నిన్న ఉద్యోగంలో చేరినవారికైనా తాత్కాలిక వైకల్య భృతి (గాయంతో పనికి వెళ్లలేని రోజులకు ఈఎస్ఐ ఇచ్చే డబ్బు) వర్తిస్తుంది, జీతంలో 90 శాతం. అయితే ప్రమాదం జరిగిన రోజు కాకుండా కనీసం 3 రోజులు పనిచేయలేని స్థితి ఉండాలి. మెడికల్ సర్టిఫికెట్ల తేదీల మధ్య ఖాళీ రానివ్వకండి. భృతి తీసుకునే రోజుల్లో కూలికి వెళ్తే భృతి ఆగిపోతుంది.

ఈఎస్ఐ ఉన్నవారు అదే గాయానికి యజమానిపై వేరే పరిహారం కేసు వేయలేరు.