పాత స్పోర్ట్స్ కారు మరమ్మతు – స్వీయ బోధన: నాలుగో పాఠం
వణికే గేరు లివర్ (మొదటి భాగం: మూలాన్ని గుర్తించడం)

గత పాఠంతో క్లచ్ సర్దుబాటు ముగిసింది. ఈ పాఠంలోనూ తరువాతి పాఠంలోనూ గేరు లివర్ వణుకును పరిశీలిద్దాం. ఈసారికి పానా పట్టవలసిన పని లేదు; నడిచే స్థితిలో ఉన్న కారు, పక్క సీటులో కూర్చుని అంకెలు రాసుకునే ఒక మనిషి ఉంటే చాలు. లివర్ వణుకుతోందనగానే లివర్‌నే విప్పడం చాలామందికి అలవాటు. బుష్ (కదిలే భాగం చుట్టూ ఉండే తొడుగు) మార్చి, స్ప్రింగు మార్చి, అయినా వణుకు తగ్గకపోయేసరికి గేర్ బాక్స్‌ను దించే ఆలోచనలో పడతారు. వణుకు చేతికి తెలిసే చోటు ఒకటి, పుట్టే చోటు మరొకటి కావచ్చు. అందువల్ల ఏ భాగాన్నయినా ముట్టుకునే ముందు తేల్చుకోవలసినది, ఆ వణుకు ఇంజన్ వేగాన్ని అనుసరిస్తోందా, బండి వేగాన్ని అనుసరిస్తోందా, లేక ఇంజన్ మీద పడే భారాన్ని అనుసరిస్తోందా అన్నదే.

నమూనాగా 1962 నుంచి 1980 వరకు తయారైన బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీని తీసుకుందాం. ఇందులో లివర్ అడుగు భాగం గేర్ బాక్స్ వెనుక ఉన్న పొడిగింపులోకి నేరుగా దిగుతుంది. లివర్ మధ్యలో ఉన్న గోళం దాని గూటిలో కదులుతుంది. కింది కొనకు ప్లాస్టిక్ బుష్ ఉంటుంది. వదులు చప్పుడు చేయకుండా ఒక చిన్న ప్లంజర్‌ను స్ప్రింగు నొక్కిపెట్టి ఉంచుతుంది. గేర్ బాక్స్ అదిరితే లివర్ కూడా అదురుతుంది, పైగా గోళం నుంచి నాబ్ వరకు ఉన్న పొడవు ఆ అదురును పెద్దది చేసి చూపుతుంది. వెనుక ఇంజన్ ఉన్న పోర్షా 911 వంటి కార్లలో లివర్‌కూ గేర్ బాక్స్‌కూ మధ్య పొడవైన రాడ్డు, కప్లర్ ఉంటాయి కనుక అక్కడ అరిగే భాగాలు వేరు; పరీక్షల వెనుక ఉన్న తర్కం మాత్రం ఇదే.

ఇంకొక సంగతి ముందే చెప్పుకోవాలి. నాలుగు సిలిండర్లు వరుసగా ఉన్న ఇంజన్‌లో క్రాంక్ షాఫ్ట్ ఒక చుట్టు తిరిగేలోపు పిస్టన్ల కదలిక వల్ల రెండుసార్లు నిలువు అదురు పుడుతుంది. 3,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) వద్ద క్రాంక్ సెకనుకు 50 చుట్లు తిరుగుతుంది కాబట్టి అదురులు సెకనుకు 100. దీనిని అణచే బ్యాలెన్స్ షాఫ్టులు ఈ తరం ఇంజన్లలో సాధారణంగా ఉండవు. ఏదో ఒక ఆర్‌పీఎం వద్ద లివర్ సన్నగా జుమ్మనడం ఆ నిర్మాణపు స్వభావమే తప్ప లోపం కాదు. దానిని పూర్తిగా మాపాలని ప్రయత్నించడం, నా దృష్టిలో, వృథా శ్రమ.

మొదటి పరీక్ష నిలబడి ఉన్న కారులో చేయాలి. ఇంజన్ బాగా వేడెక్కిన తరువాత, ఆరుబయట, చేతి బ్రేకు వేసి, న్యూట్రల్‌లో ఉంచి, 1,000 నుంచి 4,000 ఆర్‌పీఎం వరకు నెమ్మదిగా పెంచండి. రోడ్డు మీద కనిపించే వణుకే ఇక్కడా అదే ఆర్‌పీఎం వద్ద వస్తే, ప్రొపెల్లర్ షాఫ్టూ (గేర్ బాక్స్ నుంచి వెనుక యాక్సిల్‌కు తిప్పుడును చేర్చే కడ్డీ) చక్రాలూ కదలడం లేదు కనుక వాటిని అనుమానితుల జాబితా నుంచి తీసివేయవచ్చు. ఆ ఆర్‌పీఎంను నిలకడగా ఉంచి క్లచ్ పెడల్‌ను పూర్తిగా తొక్కండి. పెడల్ పైకి ఉన్నప్పుడు న్యూట్రల్‌లో కూడా గేర్ బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టూ (ఇంజన్ వైపు నుంచి లోపలికి వచ్చే కడ్డీ) దానితో కలిసి తిరిగే లే షాఫ్టూ (గేర్ బాక్స్ లోపలి జత కడ్డీ) తిరుగుతూనే ఉంటాయి. పెడల్ తొక్కితే అవి ఆగుతాయి. వణుకు కూడా వాటితోపాటు ఆగితే అనుమానం వాటి బేరింగుల మీదికీ క్లచ్ ప్లేటు మీదికీ మళ్లుతుంది. తొక్కినప్పుడు మాత్రమే వణుకు మొదలైతే రిలీజ్ బేరింగ్‌ను (పెడల్ తొక్కితే క్లచ్‌ను నొక్కి విడిపించే భాగాన్ని) చూడాలి. ఎంజీబీలో అది బంతుల బేరింగ్ కాదు, కార్బన్ రింగు. ఫ్లైవీలూ క్లచ్ కవరూ పెడల్‌తో సంబంధం లేకుండా ఇంజన్‌తోనే తిరుగుతాయి కాబట్టి, వాటి బ్యాలెన్స్ తప్పితే పెడల్ తొక్కినా వణుకు పోదు.

ఇక్కడే లివర్‌ను రెండు వేళ్లతో తేలికగా పట్టుకుని చూడండి. గలగల చప్పుడు వెంటనే ఆగి, వేళ్లకు అదురు తెలియకపోతే బుష్‌లోనో ప్లంజర్ స్ప్రింగులోనో వదులు ఉంది. చప్పుడు ఆగినా వేళ్లకు అదురు బలంగా తగులుతుంటే గేర్ బాక్స్ మొత్తం కదులుతోందని అర్థం. ఈ పరీక్ష అలవాటుగా మారకూడదు. లివర్ మీద చెయ్యి వేసి నడిపితే లోపల గేరును జరిపే సెలెక్టర్ ఫోర్క్ ఒత్తిడికి గురై అరుగుతుంది.

నిలబడి ఉన్నప్పుడు ఏమీ తేలకపోతే, రద్దీ లేని తిన్నని రోడ్డు మీద రెండో పరీక్ష చేయాలి. నాలుగో గేరులో వణుకు వచ్చే వేగాన్ని రాసుకుని, అదే వేగంలో మూడో గేరుకు మార్చండి. ఇంజన్ వేగం మారినా వణుకు అలాగే ఉంటే మూలం గేర్ బాక్స్ వెనుక ఉన్నట్టే. తరువాత ఇంజన్‌ను ఆపకుండా, తాళం చెవిని ముట్టుకోకుండా, న్యూట్రల్‌లో దొర్లనిచ్చి చూడండి. అదురు ఎంత వేగంగా వస్తోందన్నదీ గమనించండి: గంటకు 100 కిలోమీటర్ల వద్ద ఎంజీబీ చక్రం సెకనుకు సుమారు 15 చుట్లు తిరుగుతుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్, వెనుక యాక్సిల్‌లోని గేర్ల నిష్పత్తి 3.909 కావడం వల్ల, సుమారు 58 చుట్లు. చక్రం అదురు కుదుపులా సీటుకూ స్టీరింగుకూ తెలుస్తుంది. షాఫ్ట్ అదురు జుమ్మనే మోతలా లివర్‌కు చేరుతుంది. అయితే ఓవర్‌డ్రైవ్ (అదే బండి వేగానికి ఇంజన్ వేగాన్ని తగ్గించే అదనపు గేరు) లేని కారులో నాలుగో గేరు నిష్పత్తి 1:1 కనుక ఇంజనూ షాఫ్టూ ఒకే వేగంతో తిరుగుతాయి, అంటే ఆ ఒక్క గేరులో చూసి రెండింటినీ వేరు చేయలేము. చాలా తప్పుడు నిర్ధారణలు ఇక్కడే పుడతాయి.

మూడోది భారం. ఒకే వేగం వద్ద యాక్సిలరేటర్‌ను గట్టిగా తొక్కి ఒకసారి, పూర్తిగా వదిలి ఒకసారి చూడండి. ఈ రెండింటిలో ఒక్కదానిలోనే వణుకు వస్తే, ఇంజన్ ఒక పక్కకు ఒరిగినప్పుడు ఏదో లోహం లోహాన్ని తాకుతోందేమో చూడాలి: ఇంజన్‌ను మోస్తూ నూనె పట్టి మెత్తబడిన మౌంటింగ్ రబ్బరు, రేకు నుంచి ఊడివచ్చిన రబ్బరు, బాడీకి తగిలే ఎగ్జాస్ట్ గొట్టం. బండి వేడెక్కాకే వణుకు మొదలైతే గొట్టాన్నే ముందు చూడండి, వేడికి అది సాగుతుంది. రబ్బరు మౌంటింగులు తీసి గట్టి పాలియురెథేన్‌వి బిగించిన కారులోనైతే ఇంత వెతుకులాట అక్కరలేదు; అడ్డుగా ఉన్న మెత్తదనాన్ని తీసేశాక అదురు లోపలికి రావడంలో వింత లేదు.

అభ్యాసం: ఓవర్‌డ్రైవ్ లేని ఒక ఎంజీబీలో నాలుగో గేరులో 92 కిలోమీటర్ల వేగం, 3,200 ఆర్‌పీఎం వద్ద లివర్ జుమ్మంటోంది. మూడో గేరులో అదే 3,200 వద్ద, అంటే సుమారు 67 కిలోమీటర్ల వేగంలో, ఏమీ లేదు. మూడో గేరులోనే 92కు చేరినప్పుడు, 4,400 ఆర్‌పీఎం వద్ద, వణుకు తిరిగి వచ్చింది. న్యూట్రల్‌లో దొర్లినప్పుడు తగ్గింది కాని పోలేదు. స్టీరింగు స్థిరంగా ఉంది. మూలం ఎక్కడ ఉండవచ్చో, కారు కిందికి వెళ్లాక మొదట దేనిని చూస్తారో కారణాలతో రాసి ఉంచుకోండి. సమాధానంతోనే ఐదో పాఠం మొదలవుతుంది. దానికి నాలుగు స్టాండ్లు, చక్రాలకు అడ్డుకట్టలు, ఫ్లాంజిల (షాఫ్ట్ కొనల్లో బోల్టులతో కలిసే పళ్లేల) మీద గుర్తు పెట్టుకోవడానికి తెల్ల రంగు సిద్ధం చేసుకోండి.