పరిమిత ఆదాయంలో పొందికైన దుస్తులు

నెల జీతాన్ని ఇంటి అద్దెకు, పిల్లల ఫీజులకు, కిరాణా సరుకులకు సరిపెట్టుకునే ఇళ్ళలో బట్టల ఖర్చు సాధారణంగా పండగలకూ పెళ్ళిళ్ళకూ వాయిదా పడుతుంది. అలా కొన్నవి వేడుకలకు అక్కరకు వస్తాయి గాని, ఏడాది పొడవునా ఆఫీసుకో బడికో వేసుకు వెళ్ళడానికి పనికిరావు. అందుచేత బీరువా నిండుగా ఉన్నా సోమవారం ఉదయం కట్టుకోవడానికి ఏమీ కనిపించదు. తక్కువ ఖర్చుతో చక్కగా కనిపించదలచిన వారు ముందుగా చూసుకోవలసింది రోజువారీ బట్టలను. డబ్బు కొత్త జతల మీద కంటే ఒంటికి సరిగ్గా కుట్టించుకోవడం మీద, ఉన్నవాటిని కాపాడుకోవడం మీద పెట్టడం మేలని నా నిశ్చితాభిప్రాయం.

ఏదైనా కొనే ముందు బీరువాలోని బట్టలన్నీ మంచం మీద పరచి, తరచుగా వేసుకునేవి ఏవో, గుండీ ఊడినందుకో బిగుతైనందుకో మూలన పడినవి ఏవో చూసుకోవాలి. చాలా ఇళ్ళలో ఈ రెండో రకం బట్టలే ఎక్కువగా బయటపడతాయి, వాటిని దర్జీ దగ్గరికి తీసుకువెళ్తే కొత్త బట్టల అవసరం సగానికి తగ్గుతుంది. ఆ తరువాత రంగుల పొందిక చూసుకోవాలి. నలుపు, బూడిద, ముదురు నీలం రంగుల్లో మూడు ప్యాంట్లు, వాటిలో ప్రతిదానికీ నప్పే లేతరంగు చొక్కాలు ఆరు ఉంటే పద్దెనిమిది రకాల జతలు కుదురుతాయి. చీరలు కట్టుకునేవారు చీరతో వచ్చిన బ్లౌజు ముక్కనే కుట్టించాలని పట్టుబట్టనక్కరలేదు. నలుపు, మెరూన్, ముదురు ఆకుపచ్చ రంగుల్లో మంచి కలంకారీ లేదా ఇకత్ బ్లౌజులు మూడు నాలుగు ఉంటే పది పన్నెండు నూలు చీరల మీదకు సరిపోతాయి, ప్రతి చీరకూ కుట్టుకూలి, లైనింగు ఖర్చు తప్పుతాయి.

ధరను చూసే పద్ధతి కూడా మారాలి. నాలుగు వందల చొక్కా ఇరవై సార్లకే వెలిసిపోతే ఒక్కసారి వేసుకున్నందుకు ఇరవై రూపాయలు పడినట్టు, పన్నెండు వందల చొక్కా నూట యాభై సార్లు వస్తే ఎనిమిది రూపాయలే పడినట్టు. అయితే ధర ఎక్కువైనంత మాత్రాన మన్నిక ఉంటుందని నమ్మకూడదు. గుడ్డను వెలుతురుకు ఎత్తిపట్టి నేత దట్టంగా ఉందో లేదో, లోపలి కుట్లు దగ్గర దగ్గరగా ఉన్నాయో లేదో, కాజాల చుట్టూ పోగులు లేస్తున్నాయో చూసిన తరువాతే కొనాలి.

కొనే కాలం కూడా ముఖ్యమే. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు గనుక దుకాణాలు తగ్గింపులు ఇస్తాయి, శ్రావణం రాగానే ఆ తగ్గింపు పోతుంది. ఆగస్టు 7ను 2015 నుంచి జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుతున్నారు, ఆ రోజుల్లో చేనేత ప్రదర్శనలు, అమ్మకాలు ఏర్పాటవుతాయి. గాంధీ జయంతి సమయంలో ఖాదీ దుకాణాలు సాధారణంగా రిబేటు ఇస్తాయి. తగ్గింపులో చీర కొనేటప్పుడు దాన్ని పూర్తిగా విప్పించి, పగటి వెలుతురులో మడత గీతల వెంట చూడాలి. చాలాకాలం అద్దాల బీరువాలో ఉన్న చీరకు ఆ గీతల దగ్గర రంగు వెలిసి, ఒక్కోసారి పోగు కూడా చివికి ఉంటుంది. ఉద్యోగానికి కట్టుకునేందుకు నేను మొదట సూచించేది మంగళగిరి నూలు చీర. ఒళ్ళంతా ఒకే రంగుతో, అంచున చిన్న చిన్న గోపురాల వరుసలా ఉండే నిజాం అంచుతో అది ఎక్కడికైనా హుందాగా ఉంటుంది, దాని దట్టమైన నేత ఎన్ని ఉతుకులకైనా ఓర్చుకుంటుంది.

నమ్మకమైన దర్జీ దొరికితే ఆయన్ను వదులుకోకూడదు. నూలు గుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది గనుక కుట్టడానికి ఇచ్చే ముందు దాన్ని నీళ్ళలో నానబెట్టి ఆరవేయాలి. బ్లౌజుకూ ప్యాంటుకూ లోపలి కుట్లలో కొంత గుడ్డ వదలమని ముందే చెబితే, ఒళ్ళు చేసినప్పుడు కుట్టు విప్పి వదులు చేయించుకోవచ్చు. రెడీమేడ్ చొక్కా కొనేవారు నడుము కొలత కంటే భుజం కొలతనే చూసుకోవాలి. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక మీద నిలిస్తే మిగిలినదాన్ని తక్కువ కూలితో సరిచేయించవచ్చు, అది చేతి మీదకు జారితే మాత్రం సరిచేయడం కష్టం. మెడ దగ్గర కాలర్ అరిగిన చొక్కాను పారవేయనవసరం లేదు, దర్జీ ఆ కాలర్‌ను విప్పి, లోపలి వైపు పైకి వచ్చేలా తిప్పి కుడితే ఆ చొక్కా ఇంకో ఏడాది ఆఫీసుకు వస్తుంది.

ఉతుకులో చేసే తొందర వల్ల పాడయ్యే బట్టలే ఎక్కువ. ముదురు రంగు నూలు చీరను మొదటి రెండు మూడు సార్లు విడిగా, చన్నీళ్ళలో ఉతకాలి. రంగు పోతుందేమోనని అనుమానం ఉంటే తడిపిన తెల్లగుడ్డతో అంచు మూలను రుద్ది చూస్తే తెలుస్తుంది. చెమట పట్టే కాలర్‌కు, చంకలకు సబ్బు రాసి కాసేపు ఉంచి, ఆ తరువాతే చొక్కాను నానవేయాలి. చెమట మరకలు పసుపుపచ్చగా కనిపిస్తున్నాయని బ్లీచింగు వాడితే అవి ఇంకా ముదురుతాయి. ఆరవేసేటప్పుడు బట్టను తిరగేసి నీడపట్టున దండెం మీద వేయాలి, మన ఎండలకు రంగు నిలవదు.

నూలు చీరకు అందం తెచ్చేది గంజి. అన్నం వార్చిన గంజి ఉంటే దాన్ని పల్చటి గుడ్డలో వడకట్టి వాడవచ్చు. కుక్కరు వాడే ఇళ్ళలో రెండు చెంచాల సగ్గుబియ్యం నానబెట్టి, లీటరు నీళ్ళలో పారదర్శకంగా అయ్యేవరకు ఉడికించి వడకడితే సరిపోతుంది. ముదురు రంగుల మీద బియ్యపు గంజి తెల్లటి చారలు వేస్తుంది గనుక వాటికి సగ్గుబియ్యపు గంజే మంచిది. గంజిని అరబకెట్టు నీళ్ళలో కలిపి, ఉతికి జాడించిన చీరను తడిగా ఉండగానే మడతలు విప్పి ముంచాలి. పొడి చీరను ముంచితే గంజి ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా పడుతుంది. ముంచిన చీరను మెలిపెట్టకుండా పిండి, దండెం మీద వేశాక రెండు అంచులూ చేత్తో లాగి సరిచేయాలి, ఇలా చేస్తే ఇస్త్రీలో సగం పని అప్పుడే తీరిపోతుంది. కొద్దిగా తడి ఉండగానే ఇస్త్రీ చేయాలి, పూర్తిగా ఆరితే నీళ్ళు చిలకరించి కాసేపు చుట్టిపెట్టాలి. ఏడాదికి ఒకసారి కట్టే చీరను మాత్రం గంజి లేకుండా ఉతికి దాచాలి, గంజి ఉన్న బట్టను పురుగు కొరుకుతుంది.

పట్టుచీరలను పాత నూలు గుడ్డలో చుట్టి, రెండు మూడు నెలలకొకసారి మడత మార్చాలి. కలరా ఉండలు జరీకి తగిలితే అది నల్లబడుతుంది, అవసరమైతే వాటిని గుడ్డలో మూటకట్టి బీరువా మూలన ఉంచాలి. పెళ్ళిలో ఒక్క పూట వేసుకునే షేర్వానీ, లెహంగా వంటివి అద్దెకు తెచ్చుకోవచ్చు, లేదా అక్కచెల్లెళ్ళ మధ్య పంచుకోవచ్చు. వాటి కోసం అప్పు చేయడాన్ని నేను సమర్థించను.

చెప్పులకూ బూట్లకూ రెండు జతలు ఉండి రోజు విడిచి రోజు వేసుకుంటే లోపలి చెమట ఆరి, రెండూ ఎక్కువ కాలం వస్తాయి. పూర్తిగా చివికిన చొక్కాను గుడ్డపేలికలకు వేసే ముందు దాని గుండీలు కత్తిరించి, దారపు ఉండలు, సూదులు ఉన్న డబ్బాలోనే వేసి ఉంచితే, మరో చొక్కాకు గుండీ ఊడినప్పుడు ఆ రోజే కుట్టుకోవచ్చు.