సిరొంచ దిక్కు ఒకటో తరగతి చేతికొస్తే

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ దిక్కు, మరాఠీ బడిలో తెలుగు ఇళ్ల పిల్లలకు ఒకటో తరగతి చెప్పబోయే పంతుళ్ల కోసం ఈ మాటలు. మిగతా మహారాష్ట్రలో జూన్ పదిహేను దాటగానే బడి మొదలైతే, తూర్పు దిక్కున ఉన్న మన విదర్భలో ఎండలకు జూన్ ఆఖరు దాకా తలుపులు తెరవరు. ఆ నాలుగు రోజుల్ని చార్టులు అతికిస్తూ పోగొట్టకండి, ఊళ్లో తిరగండి. పగలు పోతే ఎవరూ దొరకరు, పత్తి గింజలు పెట్టడానికి చేన్లకు పోతారు. పొద్దుగూకినాక పోయి రెండే సంగతులు అడగండి: ఇంట్లో మాట్లాడేది తెలుగా, మాడియా గోండుల మాటా, మరాఠీనా? పిల్లను ఇంట్లో ఏమని పిలుస్తారు? రెండూ హాజరు పట్టీలో పేరు పక్కన పెన్సిల్‌తో రాసుకోండి. పట్టీలో శ్రావణి ఉంటుంది, ఇంట్లో చిట్టి. మొదటి రోజు హాజరుకు పలకలేదంటే ఆ పిల్ల మొండిదని కాదు, పిలుస్తున్నది తననేనని తెలియక.

కొత్త పిల్లల్ని బడిలోకి ఆహ్వానించే ప్రవేశోత్సవం నాడు పూలు, డప్పులు, ఫోటోలు ఎటూ తప్పవు. ఏడ్చే పిల్లను మాత్రం ఫోటో కోసం బలవంతంగా నవ్వించకండి. వాళ్ల అవ్వను మధ్యాహ్నం బడిలో పెట్టే ఖిచిడీ వేళ దాకా తరగతిలోనే కూర్చోనివ్వండి.

ఇక అసలు సంగతి. మొదటి నెల తెలుగులోనే మాట్లాడండి. బడి మరాఠీ మీడియం కదా అని ఎవరైనా అడిగితే భయపడొద్దు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే వసతులు కల్పించాలని రాజ్యాంగంలో 350-ఎ అధికరణం ఉంది. 2021లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ పథకం నిపుణ్ భారత్ కూడా చదవడం, రాయడం, లెక్కలకు మూడో తరగతి ఆఖరు దాకా గడువిచ్చింది. మనకే ఎందుకో జులైలోనే తొందర.

మరాఠీని పాఠంగా కాకుండా అలవాటుగా తీసుకురండి. రోజూ అదే వేళకు అవే మాటలు: 'బసా' (కూర్చోండి), 'పాటీ కాఢా' (పలక తీయండి), 'హాత్ ధువా' (చేతులు కడుక్కోండి). తెలుగులో మళ్లీ చెప్పకండి, చేత్తో సైగ చేస్తే చాలు. ఖిచిడీ వడ్డించేటప్పుడు 'ఆణఖీ' (ఇంకా), 'పురే' (చాలు) ఈ రెండూ అందరికంటే ముందు వచ్చేస్తాయి, ఆకలి అంత మంచి పంతులు. కానీ మరాఠీలో అడిగితేనే పెడతానని మాత్రం ఎప్పుడూ అనకండి.

అక్షరాల దగ్గర మన పిల్లలకు ళ, ణ కష్టం కాదు, తెలుగులో ఉన్నవే. ఇబ్బంది పెట్టేవి ఖ, ఘ లాంటి ఒత్తి పలికే అక్షరాలు. ఊళ్లో ఖ కూడా క లాగే పలుకుతారు. పెదాలకు బెత్తెడు దూరంలో సన్నని కాగితం ముక్క పట్టుకుని 'కార్' అనమనండి, తర్వాత 'ఖార్' అనమనండి, అంటే ఉడుత. రెండోసారి కాగితం గట్టిగా ఊగుతుంది. పోరగాళ్లకు ఇదొక ఆట. ఖ, థ, ఫ ఇలా వచ్చాకే ఘ, భ ముట్టుకోండి, వాటికి కాగితం అంత స్పష్టంగా ఊగదు.

ఇంకోటి, లింగాలు. మనకు అవ్వ వచ్చింది, బస్సు కూడా వచ్చింది. మరాఠీలో మూడు లింగాలకూ క్రియ మారుతుంది. కాబట్టి పిల్ల అమ్మ వచ్చిందనడానికి నపుంసక లింగపు క్రియ పెట్టి 'ఆయీ ఆలం' అంటుంది. తప్పని ఆపకండి. 'హో, ఆయీ ఆలీ' అని మీరు సరిగ్గా తిరిగి చెప్పి ముందుకు సాగండి.

వానాకాలంలో ప్రాణహిత, గోదావరి, ఇంద్రావతి పొంగితే వాగులు దాటలేక సగం మంది రారు. ఆ రోజుల్లో కొత్త అక్షరం మొదలుపెట్టకండి. పాటలు, చింతగింజలతో లెక్క చాలు. వచ్చినవాళ్లు ముందుకుపోయి రానివాళ్లు వెనకబడితే అది సర్దడానికి దసరా దాకా పడుతుంది.

ఎడ్ల పండుగ పోళా మర్నాడు పిల్లల పండుగ తాన్హా పోళా. పిల్లలు చెక్క ఎడ్లను అలంకరించుకుంటారు. మీ మొదటి పరీక్ష దాంతోనే పెట్టుకోండి. ఎవరి ఎద్దు గురించి వాళ్లను మరాఠీలో చెప్పమనండి. ఎన్ని తప్పులు పోయినా మాట్లాడినవాళ్లకు పుస్తకం తెరవండి. నోరు విప్పనివాళ్లను ముందు వరుసలోకి తెచ్చుకుని, ఇంకో నెల తెలుగులోనే నడపండి.