వానల్లో స్పిట్‌ఫైర్‌కు రంగులు వేసే ముందు

జూన్ వచ్చిందంటే మోడల్ విమానాలు కట్టేవాళ్ళకు ఒక చిక్కు మొదలవుతుంది. కిటికీ తెరిస్తే తేమ లోపలికొస్తుంది. మూస్తే రంగును పలుచన చేసే థిన్నర్ ఆవిరి బయటికి పోదు. ముక్కలు అతికించడం, పుట్టీ పెట్టడం, ఉప్పు కాగితంతో రుద్దడం వానల్లోనూ నిశ్చింతగా చేసుకోవచ్చు. స్పిట్‌ఫైర్ లాంటి రెండో ప్రపంచ యుద్ధపు విమానం మీద వేసే మరుగు రంగులు, అంటే కామోఫ్లాజ్, దగ్గరికొచ్చేసరికి మాత్రం ఈ కిటికీ గొడవ తప్పదు. రెండింట్లో ఏదో ఒకటి భరించి పని కానిచ్చేద్దామనుకోకండి. గాలి పొడిగా ఉన్న రోజు దాకా ఆగి, ఆ రోజు కిటికీ బార్లా తెరిచి వేయండి. ఈలోపు చేసుకోవాల్సిన పని బోలెడుంది.

ముందు మనుషుల సంగతి

ల్యాకర్ అంటే ఘాటైన ద్రావకంతో త్వరగా ఆరే రంగు. అదీ, దాని థిన్నర్ రెండూ మండే సరుకులే, పీలిస్తే తల తిరిగే సరుకులే. సర్జికల్ మాస్కుగానీ ఎన్95గానీ ఈ ఆవిరిని ఆపలేవు. ఎన్95 రంగు తుంపరను పట్టుకుంటుంది, ఆవిరిని వదిలేస్తుంది. ఆవిరిని పట్టేది బొగ్గు కార్ట్రిడ్జ్ ఉన్న రబ్బరు మాస్కు. కార్ట్రిడ్జ్ మీద ‘ఆర్గానిక్ వేపర్’ అని రాసి ఉండాలి. సేఫ్టీ సామాన్లు అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. మాస్కు పెట్టుకున్నా వాసన తెలుస్తోందంటే కార్ట్రిడ్జ్ అయిపోయి ఉండాలి, లేదా గడ్డం వల్ల అంచు మొహానికి సరిగా ఆనలేదు. పని అయ్యాక దాన్ని జిప్ కవర్లో మూసిపెట్టండి. బల్ల మీద వదిలేస్తే గదిలోని ఆవిరినీ తేమనూ పీల్చుకుంటూ ఊరికే ఖర్చయిపోతుంది.

స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే తిప్పుతుంది, బయటికి పంపదు. చల్లగా ఉంది కదా అని పడకగది తలుపులు బిగించి ల్యాకర్ కొడితే, ఆ రాత్రి ఇంటిల్లిపాదీ పడుకునేది ఆ ఆవిరిలోనే. ఇంట్లో గర్భిణులు, పసిపిల్లలు, ఆయాసం ఉన్న పెద్దవాళ్ళు ఉంటే ల్యాకర్ జోలికి వెళ్ళకండి. వల్లేహో లాంటి నీటి రంగులున్నాయి, కాస్త ఓపిక పడితే వాటితోనూ చక్కటి కామోఫ్లాజ్ వస్తుంది. వాటికీ తుంపర మాస్కు మాత్రం ఉండాల్సిందే. సీసా మీద ఎక్రిలిక్ అని ఉంటే నీటి రంగే అనుకోవడం పొరపాటు. టామియా కంపెనీ ఎక్రిలిక్‌లో ఆల్కహాల్ జాతి ద్రావకాలుంటాయి, దానికీ గాలి ఆడాలి, దానికీ నిప్పు దూరంగా ఉండాలి.

నిప్పు అంటే పొయ్యి ఒక్కటే కాదు. దేవుడి దగ్గర దీపం, అగరుబత్తి, గ్యాస్ గీజర్, అన్నిటికన్నా ముఖ్యంగా వానాకాలం సాయంత్రాల్లో కాళ్ళ దగ్గర వెలిగించుకునే దోమల చుట్ట. స్ప్రే డబ్బాలతో వేసేవాళ్ళు ఆ పని బాల్కనీలోనే చేయాలి. అంత ఆవిరి మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాన్ మోటారు మీదుగా పోవడం మంచిది కాదు. బాల్కనీ నేల తడిగా ఉంటే, ఎయిర్‌బ్రష్‌కు (గాలితో రంగు చల్లే కలం లాంటి పనిముట్టుకు) గాలినిచ్చే కంప్రెసర్‌నూ ఎక్స్‌టెన్షన్ బోర్డునూ అక్కడికి తీసుకెళ్ళకండి. వాటిని గదిలో స్టూలు మీద పెట్టి, గాలి గొట్టం ఒక్కటే బయటికి లాక్కోండి.

తేమ ఏం చేస్తుందంటే

ల్యాకర్ థిన్నర్ చాలా వేగంగా ఆరిపోతుంది. ఆరేటప్పుడు తను ఉన్న చోటును చల్లబరుస్తుంది. గాలిలో తేమ నిండుగా ఉంటే ఆ చల్లదనానికి నీటి ఆవిరి రంగు మీదే చేరి, ఆరీ ఆరని పొరలో ఇరుక్కుపోతుంది. ముదురు ఆకుపచ్చ మీద పాలిపోయిన తెల్లటి మసక వస్తుంది. అది కనబడగానే కంగారుపడి ఇంకో పూత కొట్టకండి. ఆపేసి, గాలి పొడిబడ్డ రోజున రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మది చేసేది) ఉన్న థిన్నర్‌ను, మిస్టర్ కలర్ వాళ్ళ లెవెలింగ్ థిన్నర్ లాంటిదాన్ని, పలుచని మంచులా ఒక్కసారి చల్లితే చాలావరకు పోతుంది.

చిన్న తేమ కొలిచే మీటర్ ఒకటి కొని బల్ల మీద పెట్టుకోండి. 60 శాతం లోపు ఉంటే నిక్షేపంగా వేయొచ్చు. 70 దాటితే నేనైతే ల్యాకర్ సీసా మూత తీయను. తెల్లవారుజామున, వాన వెలిసిన వెంటనే తేమ బాగా ఎక్కువ. ఎండ కాసిన మధ్యాహ్నం రెండు మూడు గంటలప్పుడు తక్కువ. విజయవాడ, విశాఖ వైపు ఆ వేళ కూడా మీటర్ దిగిరాని రోజులు చాలా ఉంటాయి. అలాంటి రోజు మాస్కింగ్, అంటే రంగు పడకూడని చోట్లను టేపుతో కప్పే పని, చేసుకోండి.

ఇంకో మోసం ఉంది. మోడల్ ఏసీ గదిలో 22 డిగ్రీల దగ్గర చల్లబడి ఉంటుంది. దాన్ని తీసుకెళ్ళి 28 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉన్న బాల్కనీలో పెట్టి వెంటనే రంగు కొడతారు. ఆ గాలిలో 25 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న ప్రతిదాని మీదా నీరు పడుతుంది. ప్లాస్టిక్ మీద కంటికి కనబడని పొర ఏర్పడి, రంగు దాని మీద కూర్చుంటుంది. ఆ రంగు తర్వాత టేపుతోపాటే లేచి వచ్చేస్తుంది. మోడల్‌నూ రంగు సీసాలనూ కనీసం అరగంట ముందే వేసే చోటికి చేర్చండి.

కంప్రెసర్ కూడా ఇదే గాలిని పీల్చి నొక్కుతుంది. నొక్కిన గాలి చల్లబడగానే అందులోని నీరు ట్యాంకులోనూ గొట్టంలోనూ చేరుతుంది. పావుగంట సేపు అంతా బాగుంటుంది. తర్వాత రెక్క మధ్యలో ఉండగా ఎయిర్‌బ్రష్ ‘చుప్’ మని ఒక నీటి బొట్టు కక్కుతుంది, అప్పటిదాకా వేసిన అంచు చెదిరిపోతుంది. రెగ్యులేటర్ దగ్గరున్న తేమ ఫిల్టర్‌ను, ట్యాంకు అడుగు బిరడాను పని మొదలుపెట్టే ముందు ఖాళీ చేయండి. ఎయిర్‌బ్రష్‌కు దగ్గరగా గొట్టంలో ఇంకో చిన్న ఫిల్టర్ ఉంటే మరీ మంచిది. రంగు వేసే ముందు ఒక నిమిషం వట్టి గాలి అద్దం మీదికి కొట్టి చూడండి, చుక్క పడితే తెలిసిపోతుంది.

తొలకరి సాయంత్రాల్లో లైటు కిందికి ఉసిళ్ళు వస్తాయి. తడి రంగు మీద వాలిన ఉసిళ్ళ రెక్కను తీయబోతే ఆ మచ్చ ఇక పోదు. లైటు కింద వేసే పని చీకటి పడకముందే ముగించండి. మోడల్‌ను మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఆరబెట్టండి. త్వరగా ఆరాలని హెయిర్ డ్రయ్యర్ వేడి గాలి పెట్టకండి, పలుచని రెక్కలు వంకర తిరుగుతాయి.

ఏ విమానం, ఏ ఏడు?

రంగు సీసా తెరవకముందే తేల్చుకోవాల్సిన విషయమిది. స్పిట్‌ఫైర్ అనగానే పెట్టె మీది బొమ్మ చూసి మొదలుపెట్టేవాళ్ళకు ఇక్కడే నష్టం. 1940లో బ్రిటన్ ఆకాశంలో పోరాడిన స్పిట్‌ఫైర్ పైభాగం డార్క్ ఎర్త్ (గోధుమ రంగు), డార్క్ గ్రీన్. ఆ వేసవి నుంచి అడుగుభాగం స్కై, అంటే లేత ఆకుపచ్చ. 1941 ఆగస్టులో పద్ధతి మారింది. యుద్ధం ఇంగ్లిష్ ఛానెల్ మీదికీ ఫ్రాన్స్ తీరం వైపుకీ జరిగాక గోధుమ రంగు స్థానంలో ఓషన్ గ్రే వచ్చింది, అడుగున మీడియం సీ గ్రే వచ్చింది. అప్పటికప్పుడు ఓషన్ గ్రే అందని చోట్ల 7 పాళ్ళు మీడియం సీ గ్రేలో 1 పాలు నలుపు కలిపి వాడారు. కాబట్టి 1941 చివరి విమానం మీద బూడిద రంగు కొంచెం తేడాగా ఉన్నా తప్పు కాదు.

పైభాగం రంగులు కలిసే గీతల తీరులో ఏ, బీ అని రెండు నమూనాలు, అద్దంలో చూసినట్టు ఒకదానికొకటి తిరగేసి ఉంటాయి. 1940 విమానాల్లో రెండూ కనబడతాయి. ఫోటో చూడకుండా ఎంచుకోవద్దు.

మన వాళ్ళు నడిపిన విమానం కట్టాలనుకుంటే ఇంకో జాగ్రత్త. 1944లో ఇంఫాల్ దగ్గర అర్జన్ సింగ్ నాయకత్వంలోని భారత వైమానిక దళం 1వ స్క్వాడ్రన్ హరికేన్ యుద్ధవిమానాలు నడిపింది. 8వ స్క్వాడ్రన్ బర్మా తీరంలోని ఆరకాన్ వైపు స్పిట్‌ఫైర్ మార్క్ 8 నడిపింది. బర్మా రంగంలో వృత్తాకార గుర్తుల్లోంచి ఎరుపు తీసేశారు. జపాన్ విమానాల మీది ఎర్ర సూర్యుడని పొరబడి సొంతవాళ్ళే కాల్చకుండా ఉండాలని. యూరప్ విమానానికి పెట్టె సూచనల్లో ఉండే స్కై తోకపట్టీ, రెక్కల అంచు పసుపు వీటికి కూడా వేసేయకండి, ఆ విమానం ఫోటో దొరికితేనే నమ్మండి.

మెత్తటి అంచు ఎంత మెత్తగా?

కామోఫ్లాజ్‌లో చెడిపోయేదంతా ఇక్కడే చెడుతుంది, అందుకే దీనికి టైమ్ ఇవ్వండి. అసలు విమానం మీద రెండు రంగులు కలిసే చోట మసక ఒక అంగుళం అనుకోండి. 1:48 స్కేలులో, అంటే అసలు దానిలో 48వ వంతున్న మోడల్ మీద, అది అర మిల్లీమీటరు, 1:72లో 0.35 మిల్లీమీటరు. దూరం నుంచి చూస్తే గీత గీసినట్టే ఉండాలి, దగ్గరికొస్తే కొద్దిగా మెత్తబడాలి. మనం చేతితో వేసే మసక చాలాసార్లు ఇంతకు పది రెట్లు ఉంటుంది, అప్పుడు విమానం బొమ్మలా కనబడుతుంది.

ముందు లేత రంగులు. 1941 తర్వాతి పద్ధతికైతే అడుగున మీడియం సీ గ్రే, పైన మొత్తం ఓషన్ గ్రే, చివరికి డార్క్ గ్రీన్. టామియాలో ఇవి ఎక్స్‌ఎఫ్-83, 82, 81. రెక్క అంచు పసుపు వేయాల్సి ఉంటే దాన్ని వీటన్నిటికన్నా ముందే, కింద తెలుపు పూసి వేసి, టేపుతో కప్పేయండి. బూడిద మీద నేరుగా పసుపు వేస్తే ఎన్ని పూతలేసినా మురికిగానే ఉంటుంది. 18 అంగుళాల స్కై తోకపట్టీ 1:48లో 9.5 మిల్లీమీటర్లు, కొలిచి టేపు కోయండి.

బ్లూటాక్‌ను (గోడకు కాగితాలు అంటించే మెత్తటి జిగురుముద్దను) 2 మిల్లీమీటర్ల సన్నని తాడులా చేసి నమూనా గీత వెంట పెట్టండి. గట్టిగా అదమకండి, ఊరికే ఆనితే చాలు. తాడు గుండ్రంగా ఉండడం వల్ల దాని కింద సన్నని సందు మిగులుతుంది, మెత్తదనం అక్కడే పుడుతుంది. ఎయిర్‌బ్రష్ నిలువుగా పైనుంచే పట్టాలి. ఏటవాలుగా కొడితే రంగు తాడు కిందికి దూరి ఒకవైపు అంచు చెదురుతుంది. తాడు లావైతే మసక పెరుగుతుంది. ఉక్కబోతలో బ్లూటాక్ మెత్తబడి జిడ్డు వదులుతుంది కాబట్టి రాత్రంతా మోడల్ మీద ఉంచవద్దు. పొద్దున పెట్టి, మధ్యాహ్నం కొట్టి, అప్పుడే తీసేయండి. దాని బదులు సిల్లీ పుట్టీ (సాగే బొమ్మ ముద్ద) వాడేవాళ్ళు ఇంకా తొందరపడాలి, వేడికి అది జారి గీతే మారిపోతుంది.

తాడు లేకుండా చేతితోనే వేస్తామంటే ఎయిర్‌బ్రష్‌కు 0.2 మిల్లీమీటర్ల సూది, 10 నుంచి 12 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి, పాలంత పలుచని రంగు. మొదటి గీత విమానం మీద వద్దు, ప్రైమర్ (అడుగు పూత) కొట్టిన ప్లాస్టిక్ స్పూను మీద వేయండి. సాలీడు కాళ్ళలా పాకితే రంగు మరీ పలుచనైంది, లేదా ఒత్తిడి ఎక్కువైంది. జర్మన్ యుద్ధవిమానం బీఎఫ్ 109 పక్కల మీది మచ్చలకు ఇదొక్కటే దారి, అందుకే ఆ పనిని వానరోజు పెట్టుకోకండి. కరెంటు పోయే ప్రాంతమైతే థిన్నర్ సీసా చేతికందేలా ఉండాలి. కంప్రెసర్ ఆగిన క్షణమే ఎయిర్‌బ్రష్ రంగు కప్పు ఖాళీ చేసి సూది కడగాలి.

వానల్లో రంగు లోపల పచ్చిగా ఉండి పైకి ఆరినట్టు కనబడుతుంది. ఎనామెల్ (నూనె జాతి రంగు) అయితే మరీను, ఒక్కోసారి రోజులు పడుతుంది. చక్రాల గుంట లోపల అదే రంగు కొంచెం కొట్టి ఉంచుకోండి. టేపు వేసే ముందు అక్కడ వేలు నొక్కి చూడండి, ముద్ర పడితే ఇంకా ఆగాలి. టేపు తీసేటప్పుడు పైకి లాగకుండా వెనక్కి మడిచి, తన మీదుగానే నెమ్మదిగా తీయండి. చేతికి నైట్రైల్ గ్లవుజులుంటే చెమట మరకలు ఉండవు.

చివరి పూతలు

డీకాల్స్ (నీటిలో నానబెట్టి అంటించే గుర్తులు) మెరుపులేని మ్యాట్ రంగు మీద అంటించకండి, అంచుల్లో గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. మెరుపునిచ్చే గ్లాసీ వార్నిష్ వేసి, పూర్తిగా ఆరాకే అంటించాలి. ఆ తర్వాత వేసే మ్యాట్ వార్నిష్‌కే వాన ఎక్కువ పగబడుతుంది. తేమలో కొడితే మొత్తం పని మీద తెల్లటి బూడిద కమ్మినట్టవుతుంది, డీకాల్స్ ఉన్నాయి కాబట్టి దాన్ని రుద్ది తీయలేరు కూడా. ఈ ఒక్క పూత కోసం వారం ఆగాల్సి వచ్చినా ఆగండి.

వాడిన థిన్నర్‌ను సింకులో పోయవద్దు. మూత గట్టిగా బిగిసే గాజు సీసాలో పోసి, పేరు రాసి, పిల్లలకు అందని చోట పెట్టండి. ఒకటి రెండు రోజులకు రంగు అడుగుకు దిగుతుంది, పైన తేరినది ఎయిర్‌బ్రష్ కడగడానికి పనికొస్తుంది. మంచినీళ్ళ సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో మాత్రం ఎప్పుడూ పోయకండి, ఒక్క గంటకైనా సరే.