కొండకర్ల ఆవ చుట్టూ గ్రావెల్ సైకిల్: ముందు నీళ్ళు చూడండి, తర్వాతే దారి

కొల్లేరులో గట్లు కావలసినన్ని ఉన్నాయి, కొండ లేదు. అరకులో కొండలకేం తక్కువ లేదు గానీ చిత్తడి నేల దొరకదు. గ్రావెల్ సైకిల్ మీద, అంటే మట్టి, కంకర బాటలకి పనికొచ్చే లావు టైర్ల సైకిల్ మీద, రెండూ ఒకే పూటలో తొక్కాలంటే మా అనకాపల్లి వైపు రావాలి. అనకాపల్లికి దక్షిణంగా, మునగపాక దాటాక, మూడు వైపులా కొండలు పెట్టుకుని కొండకర్ల ఆవ ఉంటుంది. కొల్లేరు తర్వాత రాష్ట్రంలో పెద్ద మంచినీటి సరస్సు ఇదేనంటారు. చిన్నప్పుడు సెలవులన్నీ మునగపాక దగ్గర అమ్మమ్మగారింట్లో గడిపాను. ఇప్పుడు గాజువాకలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతూ, ఆదివారాలు ఈ దారుల్లో తిరుగుతుంటాను. రూట్ పంపమని చాలామంది అడుగుతారు. ఫైలు పంపితే పని జరగదు. ఇక్కడ నవంబరులో ఉన్న దారి ఆగస్టులో ఉండదు. అందుకే దారి ఎలా వేసుకోవాలో చెబుతాను.

మొదట నెల చూసుకోండి. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వలస పక్షులు వచ్చేదీ అప్పుడే. జూలై, ఆగస్టుల్లో ఊడ్పులు. పొలాల మధ్య బాటలన్నీ బురదమయం, దమ్ము ట్రాక్టర్లు గట్ల అంచులు కోసేస్తాయి. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను పట్టిందంటే వాన వెలిసిన వెంటనే బయల్దేరకండి. ఎర్ర కంకర బాట ఒక్క ఎండకి ఆరిపోతుంది. ఆవ పక్కన జిగటమన్ను మాత్రం పైకి ఆరినట్టు కనిపించి కింద మెత్తగా ఉంటుంది. అది టైరుకీ ఫ్రేముకీ మధ్య పేరుకుపోతే చక్రం తిరగదు, సైకిల్‌ని భుజాన వేసుకోవాల్సిందే. మార్చి తర్వాత గట్లన్నీ గట్టిపడతాయి, కానీ ఎనిమిదికే ఎండ మండిపోతుంది, ఆవలో నీళ్ళూ తగ్గిపోతాయి.

తర్వాత శాటిలైట్ మ్యాప్. పొలం గట్టూ బండి బాటా పైనుంచి చూస్తే ఒకేలా ఉంటాయి. బాగా దగ్గరికి తెచ్చి చూడండి. రెండు చక్రాల చారలు సమాంతరంగా కనిపిస్తే అది ట్రాక్టర్ బాట. ఒక్క సన్నని గీతే ఉంటే అది నడిచే గట్టు, మనకి పనికిరాదు. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఫొటోలు కూడా చూడొచ్చు. వానాకాలం ఫొటోలోనూ ఎండాకాలం ఫొటోలోనూ తెగకుండా ఉన్న బాటనే నమ్మండి. వానాకాలంలో మధ్యలో తెగినట్టు కనిపిస్తే అక్కడ గెడ్డ, అంటే వాగు, దాటాలన్నమాట. మీ నెలలో ఆ గెడ్డలో నీళ్ళెంత ఉంటాయో ఊళ్ళోవాళ్ళనే అడగాలి. మ్యాప్‌ని ముందే ఫోన్‌లోకి దించుకోండి, కొండల వెనక సిగ్నల్‌ను నమ్ముకోలేం.

అడగడంలోనూ ఓ పద్ధతి ఉంది. "ఇటు దారి ఉందా?" అంటే ఉందనే అంటారు. వాళ్ళకి గెడ్డలో మోకాలి లోతు దిగి నడిచేదీ దారే. "బాబాయ్, నిన్న ఇటు ఎవరైనా బండేసుకుని వెళ్ళారా?" అని అడగండి. మోటార్ సైకిల్ వెళ్ళిందంటే మనమూ వెళ్ళగలం. ఓసారి ఓ ముసలాయన తేల్చి చెప్పేశాడు: "బండెల్తాది గానమ్మా, మదుము కాడ దిగి తోసుకోవాల. అయినా ఒక్కదానివే వచ్చీసినావేటి?" మదుమంటే నీళ్ళు వదిలే తూము. దాని దగ్గర గట్టు మీద అడుగు వెడల్పు సిమెంటు మాత్రమే ఉంటుందని ఏ మ్యాపూ చెప్పదు.

ఇక దిక్కు. నేను ఎప్పుడూ అనకాపల్లిలో మొదలుపెట్టి సముద్రం వైపు దిగుతాను. చలికాలం పొద్దున్నే గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. నేల వేడెక్కాక, పది గంటల ప్రాంతంలో, అది తిరగబడి సముద్రం మీంచి ఊళ్ళ వైపు వస్తుంది. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ వీపునే గాలి ఉండేలా వేసుకోవచ్చు. కాళ్ళు అలిసిపోయాక ఎదురుగాలిలో తొక్కాల్సి వస్తే ఆ బాధ అనుభవించినవాళ్ళకే తెలుసు.

వరస ఇలా: అనకాపల్లి, మునగపాక, కొండకర్ల ఆవ, అక్కడి నుంచి రాంబిల్లి మండలంలో ధారపాలెం కొండ కింద పంచదార్ల, చివరికి యలమంచిలి. మీరు ఏ గట్లు ఎంచుకుంటారన్న దాన్నిబట్టి నలభై, యాభై కిలోమీటర్ల మధ్య వస్తుంది. యలమంచిలి మెయిన్ లైన్ మీద స్టేషనే. సైకిల్‌ని బ్రేక్ వ్యాన్‌లో వేయాలంటే ముందే పార్సిల్ సంగతి కనుక్కోండి, అన్ని రైళ్ళూ అక్కడ ఆగవు. అచ్యుతాపురం నుంచి యలమంచిలి వెళ్ళే పెద్ద రోడ్డు మాత్రం వద్దే వద్దు. సెజ్ కంపెనీల బస్సులూ లారీలూ దుమ్ము రేపుకుంటూ ఒరుసుకుని పోతాయి. దాన్ని అడ్డంగా దాటండి, దాని వెంట పోకండి.

మునగపాక దాకా చెరకు, వరి. చలికాలం బెల్లం వండే రోజులు, పొయ్యి దగ్గర ఆగితే వేడి బెల్లం చేతిలో పెట్టకుండా పంపరు. ఇక్కడ జాగ్రత్త ఒక్కటే: రోడ్డు మీద ఆరబోసిన చెరకు పిప్పి. పైన మెత్తగా ఉంటుంది, కింద సర్రున జారుతుంది. దాని మీద బ్రేకు వేయొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు. వరి గడ్డి అయితే ఇంకో తంటా, వెనక గేరు చిన్న చక్రాల్లో చుట్టుకుని, గేరు మార్చే డెరెయిలర్‌ని విరిచేస్తుంది. గడ్డి కనిపిస్తే తొక్కడం ఆపి దొర్లనివ్వండి, దాటాక చూసి లాగి పారేయండి. ధాన్యం ఆరబోస్తే మాత్రం దిగి పక్కనుంచి నడవండి. అది ఒక ఇంటి సంవత్సరపు కష్టం.

ఆవ దగ్గరికి ఏడు లోపు చేరాలి. తామరాకుల మధ్య నామాల కోళ్ళు, ఎండిన చెట్ల మీద నీటికాకులు, జమ్ములో కొంగలు. గుంపుగా వచ్చి స్పీకర్‌లో పాటలు పెట్టేవాళ్ళతో నేను రాను. రెండు తాటి మొద్దులు తొలిచి జోడించిన దోనెలు ఇక్కడి ప్రత్యేకత. ఎక్కి ఓ చుట్టు తిరగండి, బాగుంటుంది. సైకిల్‌ని మాత్రం ఎక్కించకండి. ఫొటో కోసం కొందరు అడుగుతారు, దోనె నడిపే మనిషి మొహమాటానికి సరేనంటాడు.

ఆవ గట్ల మీద వేగం వద్దు. తుంగ కింద పీతల కన్నాలుంటాయి, ముందు చక్రం దిగబడితే హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతాం. చూపు చక్రం ముందు కాదు, పది గజాల అవతల పెట్టండి. గట్టు నీళ్ళలోకి ఒరిగి ఉంటే పొలం వైపే తొక్కండి.

టైర్ల గురించి నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. నలభై మిల్లీమీటర్ల కన్నా సన్నవి ఇక్కడ వద్దు. ట్యూబ్‌లెస్ తప్పనిసరి, ఎందుకంటే గట్ల నిండా పల్లేరు కాయలు, కొండ వాలులో సర్కారు తుమ్మ. ట్యూబు టైరైతే మీ పొద్దంతా పంక్చర్లకే పోతుంది. ట్యూబ్‌లెస్ టైరులో పోసే సీలెంటు, అంటే కన్నాల్ని మూసే ద్రవం, మన ఎండలకి తొందరగా ఎండిపోతుంది, రెండు నెలలకోసారి కాస్త పోస్తుండండి. పల్లేరు ముల్లు గుచ్చుకుంటే కంగారుపడి పీకకండి. చక్రాన్ని తిప్పి ముల్లున్న చోటు కిందికి తెచ్చాక తీస్తే సీలెంటు అక్కడికి చేరి మూస్తుంది. డెబ్భై కిలోల మనిషికి గాలి వెనక 34, ముందు 31 పీఎస్ఐ చుట్టూ పెట్టి చూడండి. తారు రోడ్డు మీద కాస్త బరువుగా లాగినట్టుంటుంది, ఓర్చుకోండి. కంకర మీద గట్టి టైరు ఎగిరెగిరి పడుతుంది, మెత్తటి టైరు రాయి మీద ఒదిగి పట్టు ఇస్తుంది. విడి ట్యూబు, పంపు, గొలుసు లింకు మాత్రం ఉండాలి. దారిలో దొరికేవి మామూలు సైకిల్ షాపులు, మీ వాల్వు వాళ్ళ దగ్గర ఉండదు.

పంచదార్ల వైపు దారి మారిపోతుంది. బురద పోయి ఎర్ర కంకర, జీడితోటలు, చిన్న చిన్న ఎక్కుళ్ళు. ఎత్తు తక్కువే గానీ రాయి వదులుగా ఉంటుంది. నిలబడి తొక్కితే వెనక చక్రం జారుతుంది, సీటు మీదే ముందుకి జరిగి కూర్చుని చిన్న గేరులో ఎక్కండి. ముందు పళ్ళ కన్నా వెనక పళ్ళు ఎక్కువున్న గేరు ఒకటి ఉండాలి, ముందు 40 ఉంటే వెనక 42 అలా. దిగేటప్పుడు రెండు బ్రేకులూ కొద్దికొద్దిగా, మలుపుకి ముందే. శాటిలైట్‌లో వెడల్పుగా, అందంగా కొండెక్కే ఎర్ర రోడ్డు కనిపిస్తే ఆశపడకండి, అది చాలావరకు క్వారీ రోడ్డే. ఇంకొకటి, చీకట్లో కొండ అంచు పొలాల్లోకి దిగొద్దు. పందుల కోసం కరెంటు తీగలు పెట్టేవాళ్ళు ఉంటారు.

పంచదార్లలో కొండ లోంచి వచ్చే ధారలున్నాయి, పక్కన పాత శివాలయం. మొహం కడుక్కోండి, తాగడానికి మీ సీసాలు మీకుండాలి. ముప్పావు లీటరువి రెండు, ఒకదాంట్లో ఉప్పు, పంచదార, నిమ్మరసం. తిండికి ఇడ్లీ బళ్ళు తొమ్మిదిన్నర దాటితే సర్దేస్తాయి, కాబట్టి దాటే ఊళ్ళోనే తినేయండి. చలికాలమైతే తేగలు కొని జేబులో పెట్టుకోండి, నాకు ఏ ఎనర్జీ బారూ వాటి ముందు నచ్చలేదు.

యలమంచిలి చేరాక ఇంకా ఓపికుంటే ఏటికొప్పాక వెళ్ళొచ్చు. అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేసే ఊరు అది, 2017లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. ఓపిక లేకపోతే మరో ఆదివారం పెట్టుకోండి. దానికి మధ్యలో హైవే దాటాలి, అలిసిన కాళ్ళతో హైవే దాటడం మంచిది కాదు.

ఇంటికొచ్చాక సైకిల్‌ని ఆ పూటే కడగాలి. జిగటమన్ను ఎండితే వదలదు. బైకులు కడిగే షాపులో ప్రెషర్ గన్‌తో కొట్టించకండి, బేరింగుల్లోకి నీళ్ళు పోతాయి. బకెట్టు, పాత గుడ్డ, టూత్ బ్రష్షు చాలు. గొలుసు బాగా ఆరనిచ్చి నూనె వేసి, పైన మిగిలినది తుడిచేయండి. టైర్లని మాత్రం వెలుతురులో ఒక్క చుట్టు తిప్పి చూడండి, విరిగిన పల్లేరు ముల్లు రబ్బరులో ఉండిపోతే మళ్ళీ ఆదివారానికి అది లోపలికి దిగుతుంది.