బరిని చదవడం – మూడవ పాఠం: ముందు పరుగెత్తేవి ఎన్ని?

గత రెండు పాఠాలలో గుర్రపు పందేల రేస్ కార్డులోని, అంటే బరిలో దిగే గుర్రాల వివరాలు ఉండే పత్రంలోని అంకెలను చదవడం నేర్చుకున్నాం. ఇప్పుడు ముంబయి మహాలక్ష్మి రేస్‌కోర్సులో ఫిబ్రవరిలో జరిగే ఇండియన్ డెర్బీని ఉదాహరణగా తీసుకుందాం. నాలుగేళ్ల గుర్రాలకు మాత్రమే పరిమితమైన ఈ పందెం దూరం 2400 మీటర్లు. ఆ దూరం కాగితం మీద అంతుబట్టదు కనుక, విజయనగరంలో ఉన్నవారు ఒకసారి కోట చుట్టూ నడిచి చూడాలి. కోట ఒక్కో వైపు సుమారు 240 మీటర్లు ఉంటుంది కాబట్టి రెండున్నర చుట్లు తిరిగితే డెర్బీ దూరం పూర్తవుతుంది. మొదటి చుట్టులోనే వడివడిగా నడిచినవారికి చివరి అరచుట్టులో కాళ్లు ఎంత బరువెక్కుతాయో తెలిస్తే ఈ పాఠం సగం వచ్చినట్లే.

నేను మొదట్లో ఒక్కో గుర్రం ఎన్ని పందేలు గెలిచిందో మాత్రమే లెక్కపెట్టేవాణ్ణి. అది చాలదు. ఏ గుర్రమూ ఒంటరిగా పరుగెత్తదు. బరిలోని మిగతా గుర్రాలు దాని పరుగును మారుస్తాయి. అందువల్ల ప్రతి గుర్రం పేరు పక్కన, గత మూడు పందేలలో అది తొలి సగం ముందుండి సాగిందా, నడుమ నిలిచిందా, వెనుక నుంచి వచ్చిందా అన్నది రాసుకోండి. ముందుండే గుర్రం ఒక్కటే ఉంటే దాన్ని ఎవరూ తరమరు. జాకీ వేగాన్ని తన చేతిలో ఉంచుకుని, దాచిన సత్తువను చివరి రెండు ఫర్లాంగులలో (సుమారు 400 మీటర్లు) వాడతాడు. అలాంటివి మూడు నాలుగు ఉంటే అవి ఒకదాన్నొకటి అలసగొట్టుకుంటాయి, అప్పుడు వెనుక ఓపికగా వచ్చిన గుర్రానికి దారి దొరుకుతుంది. మిగతా లెక్కలన్నిటికంటే నేను దీనికే ఎక్కువ విలువ ఇస్తాను.

తర్వాత దూరం. 1600 మీటర్లలో గెలిచిన గుర్రం 2400 మీటర్లు నిలుస్తుందని అనుకోకూడదు. గెలిచిన పందెంలో చివరికి వచ్చేసరికి వెనుకవాటితో దాని ఎడం పెరిగిందా, తరిగిందా అని చూడాలి. పుణెలో వానకాలపు మెత్తని నేల మీద సాధించిన గెలుపును ఫిబ్రవరి నాటి గట్టి నేలకు యథాతథంగా వర్తింపజేయకూడదు.

ఆడ గుర్రాలను తేలికగా కొట్టివేయకండి. డెర్బీలో మగ గుర్రాలు జాకీ, జీనుతో కలిపి 57 కిలోలు మోస్తే ఇవి కిలోన్నర తక్కువ మోస్తాయి. 1943లో మొదటి ఇండియన్ డెర్బీ గెలిచిన ప్రిన్సెస్ బ్యూటిఫుల్ ఆడ గుర్రమే.

ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ పందేలను 2020లో చట్ట సవరణతో నిషేధించారు. కాబట్టి హైదరాబాద్‌లోని మలక్‌పేట రేస్‌కోర్సుకో మహాలక్ష్మికో స్వయంగా వెళ్లే రోజు వరకు ఈ అభ్యాసం నోటుపుస్తకంలోనే సాగాలి.

వచ్చే పాఠంలోగా ఏదైనా ఒక పాత డెర్బీ కార్డు తీసుకుని, ఫలితం చూడకుండా, ముందుండే గుర్రాలు ఎన్నో లెక్కించి, పందెం ఎలా నడిచి ఉంటుందో నాలుగు వాక్యాలలో రాసి ఉంచండి.