ఎండలు ముదరకముందే, మంట లేస్తే దవాఖాన ఖాళీ చేసే ప్లాను సరిచూసుకోండి

మార్చి దాటిందంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ దవాఖానల్లో ఐసీయూ ఏసీలకు రాత్రీపగలూ విరామం ఉండదు. స్విచ్ బోర్డులో వదులైన వైరు వేడెక్కి అంటుకునేది ఈ రోజుల్లోనే. 2021 ఏప్రిల్‌లో మహారాష్ట్రలోని విరార్‌లో 15 మంది పేషెంట్లు చనిపోయిన మంట ఐసీయూ ఏసీ దగ్గరే మొదలైంది.

ప్లాను రాసేటప్పుడు అర్ధరాత్రి రెండు గంటలకు మీ దవాఖాన ఎట్లా ఉంటుందో కళ్ల ముందు పెట్టుకోండి. పది పడకల ఐసీయూలో అప్పుడు ఇద్దరు ముగ్గురు సిస్టర్లు, ఒక డ్యూటీ డాక్టరు, ఒక వార్డుబాయ్ ఉంటే గొప్ప. వెంటిలేటర్ మీదున్న ఒక్క మనిషిని మెట్ల మీదుగా దింపాలంటే స్ట్రెచర్‌కు నలుగురు, అంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) నొక్కడానికి ఒకరు, మొత్తం ఐదుగురు కావాలి. ఈ లెక్కన పదిమందిని కిందికి దింపడం ఆ షిఫ్టు వల్ల కాదు. అందుకే ముందు పక్కకు జరపాలి: అదే అంతస్తులో, మధ్యలో మూసుకునే తలుపున్న అవతలి వార్డుకు, మంచంతో సహా తోసుకుంటూ. అందరూ దాటాక తలుపు మూసి, కింది సందులో తడి దుప్పటి కుక్కితే పొగ ఆగి కాస్త సమయం దొరుకుతుంది. లిఫ్టు వాడొద్దు. మెట్లు దిగక తప్పకపోతే కాళ్లు ముందు, తల పైవైపు ఉంచాలి.

ఈ వారమే సిలిండరు, సెలైన్ స్టాండు కట్టిన మంచాన్ని ఒకసారి ఆ తలుపులోంచి తోసి చూడండి. టేపుతో కొలిస్తే పట్టినట్టే ఉంటుంది. తోస్తే రెయిలింగు గడపకు తగులుతుంది, చక్రం తిరగదు, మలుపులో బీరువా అడ్డొస్తుంది.

మంచం కదలకపోతే దుప్పటే స్ట్రెచర్. నడవలేని ప్రతి పేషెంటు కింద గట్టి దుప్పటి ముందే పరిచి ఉంచండి. ఇద్దరు కలిసి మెల్లగా నేలకు దించి, తలవైపు అంచులు పిడికిట్లో చుట్టి ఈడ్చుకుపోవచ్చు. పొగ పైకి చేరుతుంది కాబట్టి నేల దగ్గర గాలి కాస్త నయం.

ఎక్కువ మంది తప్పు చేసేది ఆక్సిజన్ దగ్గర. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం. గదిలో అది కొద్దిగా పెరిగినా దుప్పటి, దూది కూడా భగ్గుమంటాయి. కాబట్టి మంట ఉన్న గది ఆక్సిజన్ లైన్ కట్టేయాల్సిందే, కానీ వెంటిలేటర్ పేషెంట్లను అంబూ బ్యాగ్‌కో సిలిండర్‌కో మార్చాకే. గాభరాలో మెయిన్ వాల్వు కట్టేస్తే పక్క వార్డుల్లోనూ ఆక్సిజన్ ఆగిపోతుంది. ఏ వాల్వు ఏ గదిదో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అతికించండి. కట్టే అధికారం ఆ షిఫ్టు ఇన్‌చార్జి సిస్టర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. ఖాళీ చేయమనే అధికారం కూడా ఆమెకే ఉండాలి. సూపరింటెండెంటు ఫోన్ ఎత్తేదాకా ఆగడం ప్రాణాంతకం. 101కి, 108కి ఎవరు ఫోన్ చేయాలో కూడా పేరు పెట్టి చెప్పండి.

సిలిండరు లెక్క అందరికీ నోటికి రావాలి. నిండు బీ టైపులో దాదాపు 1500 లీటర్లు, గేజీ 150 దగ్గర ఉంటుంది. నిమిషానికి 10 లీటర్ల చొప్పున రెండున్నర గంటలు. ముల్లు సగానికి ఉంటే గంటా పావే. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ దాదాపు 100 కిలోమీటర్లు. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఒక్క సిలిండరు చాలదు, అంబులెన్సులో రెండు పెట్టాలి.

పసిపిల్లల వార్డుకు వేరే ప్లాను ఉండాలి. 2024 నవంబర్‌లో ఝాన్సీ మెడికల్ కాలేజీ నవజాత శిశువుల వార్డులో రాత్రిపూట మంట లేచి పదిమంది పసికందులు ఆ రాత్రే చనిపోయారు. వార్మర్లు (పసికందులను వెచ్చగా ఉంచే మంచాలు) తోసుకుంటూ కూర్చోవద్దు. పెద్ద జేబులు కుట్టిన గుడ్డ ఏప్రాన్లు తలుపు పక్కనే వేలాడదీస్తే ఒక్కో సిస్టర్ ఇద్దరు ముగ్గురు పిల్లలను ఎత్తుకోగలదు. తల్లి పేరున్న పట్టీ ప్రతి బిడ్డ చేతికి ఉందో లేదో షిఫ్టు మారినప్పుడల్లా చూడాలి. బయట ఎంత ఎండగా ఉన్నా బరువు తక్కువ బిడ్డకు చలి పుడుతుంది. టోపీ పెట్టి, పొడిగుడ్డలో చుట్టి, వీలైతే తల్లి గుండెకు ఆనించండి.

ఇక మెట్ల దగ్గర గ్రిల్లు. దొంగల భయంతో రాత్రి తాళం వేస్తారు. తాళంచెవి వాచ్‌మన్ మొలకు వేలాడుతుంటుంది, ఆయన గేటు దగ్గర టీ తాగుతుంటాడు. ఆ తాళం తీసేసి, లోపలినుంచి చెవి లేకుండా తెరుచుకునే గడియ పెట్టించండి. మెట్ల మీద పడుకునే పేషెంట్ల బంధువులకు వేరే జాగా చూపండి. ఎటు వెళ్లాలో బాణం గుర్తుతో తెలుగులోనూ ఉర్దూలోనూ రాయించండి.

బయట ఎక్కడ చేర్చాలి? మే నెల మధ్యాహ్నం 43 డిగ్రీల ఎండలో సిమెంటు నేల మీద పేషెంట్లను పడుకోబెట్టలేం. పక్కనున్న ఫంక్షన్ హాలు వాళ్లతోనో, స్కూలు వాళ్లతోనో ఇప్పుడే మాట్లాడి ఒక తాళంచెవి తెచ్చుకోండి. రాత్రి 12 గంటల పేషెంట్ల జాబితా నకలు ఒకటి రోజూ గేటు దగ్గర పెడితే, అక్కడ తలలు లెక్కపెట్టడానికి పనికొస్తుంది.

మాక్ డ్రిల్లు నైట్ డ్యూటీ వాళ్లతోనే, రాత్రిపూటే చేయండి. సిబ్బందిలో ఒకరిని పేషెంటుగా పడుకోబెట్టి, గడియారం పట్టుకోండి. ఏది అడ్డం పడిందో రాసుకుని, ఆ వారంలోనే బాగుచేయించి, మళ్లీ అదే షిఫ్టుతో చేయించండి.